బడి ముందర గూని

నేను ఒక స్పీడు బ్రేకరును. ఇప్పుడు కాను లెండి, రోడ్డు పక్కన పోగుపోసిన తారు పెళ్లలను. అయినా పుట్టుక సంగతి చెప్పకుండా ఏ కథా సాగదు.

పార్వతీపురం వెళ్లే రోడ్డు మా ఊరి బడి దగ్గర మలుపు తిరుగుతుంది. బడి ఇటు, ఊరు అటు. మూడేళ్ల కిందట ఆ మలుపులో ఓ మోటారు సైకిలు ఒకటో తరగతి దీక్షిత కాలు విరగ్గొట్టింది. ఆ పిల్ల నాయనమ్మ సూరీడమ్మ ఆ బడిలోనే మధ్యాహ్నం భోజనం వండుతుంది. తారు తెచ్చి నన్ను పోసేదాకా ఆవిడ గరిటె పట్టుకుని రోడ్డు మధ్యనుంచి లేవలేదు.

నేను పుట్టిన మర్నాటినుంచే తిట్లు. అందరికంటే పెద్ద నోరు ఆటో జోగులుది. "ఏ దిక్కుమాలినోడు ఏసినాడ్రా దీన్ని? నడుం పడిపోతంది!" అని రోజుకి నాలుగు ట్రిప్పులకీ నాలుగుసార్లు తిట్టేవాడు. తిడితే తిట్టాడు, బండి మాత్రం నెమ్మదించేది. నన్ను చూసుకుని పిల్లలు అటూ ఇటూ చూడటమే మానేశారు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధే.

ఆ మధ్య మంత్రిగారు వస్తున్నారన్నారు. ఆయన కారుకి కుదుపు తగలకూడదట. పొద్దున్నే నన్ను తవ్వి పక్కన పడేశారు. తీరా మంత్రిగారు వేరే దారిన వెళ్లారు.

సాయంత్రం నాలుగింటికి బడి గంట కొట్టారు. పిల్లలు ఎప్పటిలాగే పరుగున రోడ్డెక్కారు. అందరికంటే వెనక దీక్షిత, కాస్త కుంటుతూ. మలుపులోంచి జోగులు ఆటో, దాని వెనకే ఇటుకల లారీ. నాకు గుండె లేదు గానీ, ఉంటే ఆగిపోయేది.

సరిగ్గా నేనుండే చోటికి ముందే ఆటో నెమ్మదించింది. పిల్లల్ని చూసి, వెనక లారీ హారన్ విని, జోగులు ఆటోని రోడ్డుకి అడ్డంగా తిప్పేశాడు. లారీ కీచుమంటూ బెత్తెడు దూరంలో ఆగింది.

సూరీడమ్మ పరుగెత్తుకొచ్చి మనవరాల్ని వాటేసుకుంది. "ఎలాగాపినావు బాబూ? పొద్దున్నే పీకేసినారు కదా!"

"ఇయ్యేళ ఇదే మొదటి ట్రిప్పు, పీకేసినారని నాకేటి తెలుసు పిన్నీ! ఇక్కడికొచ్చేసరికి కాలు బ్రేకు మీదకీ, నోరు తిట్టు మీదకీ ఎలిపోతాయి," అన్నాడు జోగులు. "తీరా తిడదామంటే అది నేదు."

నన్ను మళ్లీ వేస్తామని పెద్దలు అంటూనే ఉన్నారు. అప్పటినుంచీ రోజూ నాలుగింటికి జోగులు ఆటోని అక్కడ అడ్డంగా పెట్టి, ఆఖరి పిల్ల దాటేదాకా కదలడు. వెనక ఆగినవాళ్లు హారన్లు కొడుతూ అతణ్ని తిడతారు. పక్కనుంచి వింటుంటాను. ఒక్కటీ కొత్తది కాదు, అన్నీ ఒకప్పుడు జోగులు నన్ను తిట్టినవే.