మంత్రగత్తెకు అత్తగారి చేతులు

మా స్టూడియోలో విదేశీ కంపెనీల పిల్లల సినిమాలకు బొమ్మలు కదిలిస్తాం. కథ వాళ్లది, చాకిరీ మాది. ఈసారి కథ తూర్పు దేశంలో జరుగుతుందట. ఏ తూర్పో వాళ్లకీ తెలియదు. ఒకే వీధిలో ఎడారి, అడవి, ఏనుగులు, ఒంటెలు అన్నీ ఉన్నాయి. అందులో ఒక మంచి ముసలమ్మ దేవుణ్ణి వేడుకునే ఘట్టం నాకిచ్చారు. చూసి గీయడానికి ఎవరినైనా వీడియో తీసుకోమన్నారు.

మా అత్తగారు ఉండగా ఇంకెవరో ఎందుకు? ఆవిడ రోజూ పొద్దున్నే ముందుగదిలో కూర్చుని, కళ్లు మూసుకుని, కాస్త ముందుకూ వెనక్కీ ఊగుతూ ప్రార్థన చేస్తారు. మధ్యలో పాలు పొంగితే దేవుణ్ణి ఆగమని వంటింట్లోకి పరిగెడతారు. వీడియో తీస్తానంటే మురిసిపోయి బీరువాలోంచి కొత్త బట్టలు తీశారు. తను సినిమాలో ఉంటానని ఇరుగుపొరుగు అందరికీ చెప్పుకున్నారు.

రెండు నెలల తర్వాత కథ మారింది. మంచి ముసలమ్మ కాస్తా మంత్రగత్తె అయింది. కదలికలు బాగున్నాయి, అవే ఉంచి గోళ్లు పెంచమన్నారు, కళ్లకు ఆకుపచ్చ రంగు వేయమన్నారు. పిల్లలు నవ్వాలి కదా, ప్రార్థన చివర ఆమె నోట్లోంచి కప్ప దూకాలట. అప్పుడే కుదరదనాల్సింది. కానీ తెర మీద నా పేరు మొదటిసారి పడబోతోంది. నోరు మూసుకుని గోళ్లు పెంచాను. ఇంట్లో చెప్పడానికి మొహం చెల్లలేదు.

సినిమా విడుదలైంది. ఎన్ని సాకులు చెప్పినా అత్తగారు వినలేదు. నా ఆరేళ్ల కూతురితో సహా నాకంటే ముందే తయారై కూర్చున్నారు. థియేటర్లో ఆ ఘట్టం రాగానే ఆవిడ ముందుకు వంగి చూశారు. ఆ ఊగడం, ఆ వంకర బొటనవేలు, ఆఖర్న చేతులు కళ్లకద్దుకోవడం, అన్నీ ఆవిడవే. ఒక్కటీ వదల్లేదు మరి, పనిమంతురాలిని. కప్ప దూకింది. జనం పడీ పడీ నవ్వారు. నా కూతురు అందరికంటే గట్టిగా నవ్వి, "నానమ్మా, అచ్చం నువ్వే" అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

దారిలో అత్తగారు నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఒక్కమాటే అడిగారు.

"నేను అలాగే కనిపిస్తానా అమ్మాయ్?"

లేదన్నాను. నా మాట నాకే నమ్మబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున ఆవిడ ఎప్పటిలాగే కళ్లు మూసుకుని కూర్చున్నారు. నా కూతురు గుమ్మంలో నిలబడి కప్ప కోసం చూస్తోంది. అలికిడికి అత్తగారు కళ్లు తెరిచారు. జోడించిన చేతులు గబుక్కున విడదీసి ఒకదాంతో ఒకటి రుద్దుకున్నారు.

"ఏం లేదు తల్లీ, చేతులు నొప్పెడుతున్నాయి" అన్నారు.