కోఠారికి లైను

సుందరి మెత్తటి పొడిగుడ్డతో ఫైర్‌వాల్ పెట్టె మీది బొగ్గుదుమ్మును తుడిచింది. చంద్రపూర్‌లో పొద్దున తుడిచిన వస్తువు మీద సాయంత్రానికి వేలితో పేరు రాయవచ్చు. ఆస్పత్రిలో ఎవరూ అడగకపోయినా, రాగానే చెప్పులు విడిచి, కొంగు నడుముకు దోపి ఆమె చేసే మొదటి పని ఇదే. పెట్టె పైభాగం, పక్కన గాలి పీల్చుకునే చిల్లులు, వెనక తీగలు దూర్చిన సందులు. అన్నీ తుడిచి, ముందువైపు పచ్చదీపాలు కనబడేలా పెట్టెను సర్దింది.

చూడటానికి అది పెద్ద పెట్టేమీ కాదు. లావుపాటి పుస్తకాన్ని పడుకోబెట్టినంత ఉంటుంది. కానీ ఆస్పత్రిలోని ఏ కంప్యూటరైనా, ఏ ఫోనైనా బయటి ఇంటర్నెట్‌కు పోవాలంటే దాని గుండానే పోవాలి. లోపలికి ఎవరిని రానియ్యాలో, ఎవరిని ఏ దారిన పంపాలో అదే చూసుకుంటుంది. దాని వెనక ఇప్పుడు రెండు లైన్లున్నాయి. ఒకటి పాత కంపెనీది, ఇంకొకటి పోయిన వారం వచ్చిన కొత్త కంపెనీది. ఒకటి పోయినా ఇంకొకటి ఆదుకుంటుందని పెట్టించారు. రెండోది వచ్చిన నాటినుంచే తిప్పలు మొదలయ్యాయి. వీడియో కాల్ ఏదీ నాలుగు మాటలు దాటి నిలవడం లేదు.

మెట్ల కింది ఈ ఇరుకు గది ఒకప్పుడు ఆస్పత్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజి. సుందరి నాన్న సిలువయ్య మంచిర్యాల వైపు నుంచి బల్లార్‌పూర్ బొగ్గుగనికి వచ్చి స్థిరపడ్డాడు. తల్లి ఇదే ఆస్పత్రిలో ఆయా. ఆమె డాక్టరమ్మను బతిమాలి కూతుర్ని ఎక్స్ఛేంజిలో కూర్చోబెట్టింది. అప్పటికి సుందరికి పెళ్లికూడా కాలేదు. ఏళ్లతరబడి హెడ్‌ఫోను ఒత్తుకుని ఎడమచెవి పైన జుట్టు పలచబడింది. ఇప్పటికీ ఎవరైనా మాట్లాడుతుంటే తల ఆ పక్కకే వంచుతుంది. పుట్టినవాళ్ల కబురు, పోయినవాళ్ల కబురు ఆ చెవి పక్కనుంచే పోయేవి. కానీ ఆమె నోటితో ఏనాడూ చెప్పలేదు. వార్డును పిలిచేది, ఊరిని పిలిచేది, రెండూ కలిపి తప్పుకునేది. కబురు చెప్పడం నర్సులకూ డాక్టర్లకూ వదిలేసేది. లైను కలపడం వరకే తన పని అని తల్లి మొదటిరోజే చెప్పింది.

ఎక్స్ఛేంజి తీసేసినప్పుడు ఆమెను మందుల గోదాములోకి మారుస్తారనుకున్నారు. కొత్త తీగలు ఎవరు చూసుకుంటారని ఆఫీసులో అడిగితే "నేనే చూస్త" అని లేచి నిలబడింది. ఎందుకన్నదో ఆ రాత్రి భర్త రాబిన్సన్‌కు కూడా సరిగ్గా చెప్పలేకపోయింది. ఆవర్‌పూర్ సిమెంటు ఫ్యాక్టరీ బస్సు నడిపే రాబిన్సన్ మాత్రం "ఆ గది ఇడిచి నువ్వెక్కడుంటవు తియ్" అని నవ్వాడు.

గోడమీది ఫోను మోగింది. మగవార్డు నుంచి నర్సు ప్రతిభ. మరాఠీ పిల్ల, వార్డులో ముసలాళ్ల దగ్గర నేర్చిన తెలుగు. అక్కా అనడానికి మాత్రం తాయీ అంటుంది.

"తాయీ, కోఠారి కాల్ మళ్లీ ఆగింది. బాబా కోపం చేస్తుండు."

సుందరి పైకి వెళ్లింది. కిటికీ పక్క మంచం బాపయ్యది. గనిలో పనిచేసి రిటైరైన మనిషి. ఊపిరితిత్తుల నిండా బొగ్గే. ముక్కులో ఆక్సిజన్ గొట్టం, ఎముకల మీద వేలాడే చొక్కా, చేతులు మాత్రం ఇప్పటికీ పెద్దవి, గట్టివి. ఒళ్లో ఆస్పత్రి టాబ్లెట్. తెర మీద ఆయన భార్య ఆగమ్మ నోరు తెరిచి, వేలు చూపిస్తూ ఆగిపోయి ఉంది.

బాపయ్య ఊరు కోఠారి గంట ప్రయాణమే. అయినా ఆగమ్మ రాలేదు. నెల కిందట వాకిట్లో జారిపడి తుంటి విరిగింది. గుండె బలహీనంగా ఉంది, ఆపరేషన్ వద్దన్నారు. ఆమె అక్కడ మంచంలో, ఈయన ఇక్కడ మంచంలో. పిల్లలు లేరు. బాపయ్య తమ్ముడి కోడలు అనూష చూసుకుంటోంది. రోజూ తన ఫోనును మంచం పక్క స్టూలు మీద నిలబెట్టి కాల్ కలుపుతుంది.

"చూసినవా బిడ్డా," అన్నాడు బాపయ్య. "యాభై ఏండ్లల్ల నాతోని కాలేదు. గీ డబ్బ దాని నోరు ఆపింది."

ప్రతిభ నవ్వింది. సుందరీ నవ్వింది. బాపయ్య మాత్రం తెరను బొటనవేలితో మెల్లగా రుద్దుతున్నాడు, రుద్దితే కదులుతుందన్నట్టు.

"ఇయ్యాల బాగుచేస్త, పెద్దబాపు. చెయ్యకుంటే ఇంటికి పోను."

"జెర జల్ది చెయ్. కోడిపెట్ట గురించి ఏందో చెప్తున్నది. సగంల ఆగింది."

కిందికి వచ్చి నాగపూర్‌కు ఫోన్ చేసింది. ఈ పెట్టెను అమ్మిన కంపెనీలో చందు ఇంజనీరు. ఇక్కడి విరూర్ ఊరి పిల్లగాడే, స్టేషన్ పక్క ఇల్లు. మొఖం ఎప్పుడూ చూడలేదు కానీ గొంతు విని వాడికి జలుబు చేసిందో లేదో చెప్పగలదు.

"అక్కా, కోఠారి దిక్కు సిగ్నల్ వీక్ ఉన్నదేమో?"

"కాదు చందు. డాక్టర్ సార్ నాగపూర్ మాట్లాడినా గిట్లనే తెగుతుంది. మన దిక్కే ఉన్నది."

"అయితే ఒక్కొక్క లైను తీసి చూడు."

సుందరి బిల్లుల కౌంటరుకు, ఎక్స్‌రే గదికి ఫోన్ చేసి కాసేపు ఓపిక పట్టమంది. మొదట కొత్త లైను తీగ పీకింది. పాత లైను ఒక్కటే ఉన్నప్పుడు కాల్ నిలిచింది. దాన్ని పెట్టి పాతది పీకింది. అప్పుడూ నిలిచింది. రెండూ పెట్టగానే తెగింది. మళ్లీ చేసి చూసింది. అదే తంతు.

"ఒక్కొక్కటే ఉంటే రెండూ మంచిగనే ఉన్నయి. కలిస్తేనే లొల్లి," అంది.

అవతల చందు కీబోర్డు టకటకలాడింది. "సమజైంది అక్కా. రెండిటికి సగం సగం పంచమని పెట్టినం గదా. కాల్ పాతదాంట్ల షురూ అయితుంది. నడుమల కొంత కొత్తదాంట్లకెళ్లి పోతుంది. అవతలోళ్లకు వేరే ఇంటికెళ్లి ఎవలో మాట్లాడుతున్నట్టు అనిపిస్తది. కట్ చేస్తరు."

"వార్డుల వైఫై మొత్తం ఒక్క దారినే పోనిద్దాం. అది పడిపోతేనే రెండోదానికి మళ్లాలె."

"గట్లనే పెట్టు. రూల్ అన్నిటికన్న పైన ఉండాలె, కింద ఉంటే పట్టించుకోదు."

ఆమె ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టింది. వార్డు వైఫై, పాత లైను, పోతే కొత్త లైను. సేవ్ చేసింది. ప్రతిభకు ఫోన్ చేస్తే వెనకనుంచి ఆగమ్మ గొంతు గట్టిగా వినిపించింది. కోడిపెట్ట ఎవరి ఇంట్లోనో గుడ్లు పెడుతోందట.

టీ తాగి కప్పు కడిగేలోపే మళ్లీ ఫోను మోగింది. కాల్ మళ్లీ ఆగిందట.

సుందరి స్టూలు మీద కూలబడింది. రూల్ ఉంది, పైనే ఉంది. పెట్టె ముందు రెండు దీపాలూ పచ్చగా ఉన్నాయి. రెండు లైన్లూ బతికే ఉన్నాయని పెట్టె చెబుతోంది. అయినా వార్డులో ఏమీ కదలడం లేదు. ఎక్స్ఛేంజిలో ఉన్నప్పుడు ఇలాంటి సందేహం వస్తే ఒక్కో ఊరినీ వరసగా పిలిచి చూసేది. ఎక్కడిదాకా పలుకుతున్నారు, ఎక్కడినుంచి పలకడం లేదు. ఇప్పుడూ కంప్యూటరు నుంచి అదే చేసింది. పాత లైను మీద గేటు బయటి స్తంభానికి కట్టిన కంపెనీ డబ్బాను పిలిచింది. పలికింది. దాని అవతల నాగపూర్‌ను పిలిచింది. జవాబు లేదు. ఇంకా దూరం పిలిచింది. లేదు.

చందుకు మళ్లీ ఫోన్ చేసింది. "చందు, పాతది స్తంభం దాటి పోతలేదు. మరి పెట్టె పచ్చగెందుకు చూపిస్తుంది?"

"అది ఎవల్ని అడుగుతుందో చూడు అక్కా."

చూసింది. పెట్టె మాటిమాటికీ ఆ స్తంభం మీది డబ్బానే ఉన్నావా అని అడుగుతోంది. ఉన్నానని అది అంటోంది. అంతటితో లైను బాగుందనుకుని, రెండోదానికి మళ్లడం లేదు.

"అయ్యో, మనమే పెట్టినం గట్ల," అన్నాడు చందు నొచ్చుకుని. "నేనే చూసుకోవాల్సింది. దూరపు అడ్రసు పెట్టు. ఒక్కటి కాదు, రెండు పెట్టు. రెండూ పలకకుంటేనే పోయిందనుకుంటది."

ఆమె పెట్టింది. కొద్దిసేపు ఏమీ కాలేదు. తర్వాత పాత లైను దీపం ఎర్రబడింది, వార్డు దారి దానంతటదే కొత్త లైనుకు మళ్లింది. సుందరికి ఎందుకో కళ్లు చెమర్చాయి. ఎర్రదీపం చూసి ఇంత సంతోషపడిన రోజు ఆమెకు గుర్తులేదు.

"చందు, అన్నం తిన్నవా?"

"ఇగ తింట అక్కా."

తన టిఫిన్ తినేసి పైకి వెళ్లింది. కాల్ నడుస్తూనే ఉంది. తెర మీద ఆగమ్మ, నెరిసిన జుట్టు ముడి వదులై, బోసినోటితో ఎడతెగకుండా మాట్లాడుతోంది. బాపయ్య ఊఁ కొడుతున్నాడు.

"గీ బిడ్డనే బాగుచేసింది," అని టాబ్లెట్‌ను సుందరి వైపు తిప్పాడు.

"సల్లగుండు బిడ్డా," అంది ఆగమ్మ. "ఆయన పొద్దుగాల చాయ్‌ల ఎక్కువ చక్కెర ఏసుకుంటుండా?"

"లేదు పెద్దమ్మా."

"అబద్ధం. నీ మొఖం చూస్తే ఎర్కైతుంది." ఆగమ్మ నవ్వి, దగ్గి, తల దిండుమీద వాల్చింది. "నాకు నిద్రొస్తుంది. ఏమయ్యా, ఫోన్ బంద్ చెయ్యకు. గట్లనే ఉండనియ్."

"పండుకో. నేన్ చూస్తనే ఉంట," అన్నాడు బాపయ్య.

సుందరి కిందికి వచ్చేసింది. పాత కంపెనీకి ఫిర్యాదు చేసింది. ఎక్స్‌రే గదిలో ప్రింటరు సరిచేసింది. ఎండ మెట్లమీదికి జారుతుండగా ప్రతిభ ఫోన్ చేసింది.

"తాయీ, బాబా అంటుండు, బొమ్మ మళ్లీ ఆగింది."

సుందరి ప్రాణం ఉసూరుమంది. పెట్టె ముందు కూర్చుని కొత్త లైను మీద దూరపు అడ్రసును పిలిచింది. జవాబు వచ్చింది. మళ్లీ వచ్చింది. ఒక్కటీ తప్పిపోకుండా వస్తూనే ఉంది. వార్డు వైఫై చూసింది. టాబ్లెట్ కాల్‌లోనే ఉంది. ఏ లోపమూ కనపడక, లేచి పైకి వెళ్లింది.

బాపయ్య టాబ్లెట్‌ను ఎదురుగా నిలబెట్టుకుని కూర్చున్నాడు. తెరలో ఆగమ్మ చెంప దిండుకు ఆనించి, కళ్లు మూసుకుని, పెదవులు కొంచెం విడివడి ఉంది. కదలిక లేదు.

"బొమ్మ ఆగింది గదా, బిడ్డా? లైను పోయిందా?"

సుందరి తల ఎడమవైపు వంచి దగ్గరగా చూసింది. ఆగమ్మ వెనక కిటికీకి కట్టిన పాత చీర గాలికి ఉబ్బి, మళ్లీ గోడకు అంటుకుంది. మంచం కిందినుంచి ఎర్ర కోడిపెట్ట ఒకటి వచ్చి, మెడ ముందుకూ వెనక్కూ ఆడిస్తూ తెర ఈ కొసనుంచి ఆ కొసకు నడిచిపోయింది. ఎక్కడో గిన్నెలు కడుగుతున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది.

బాపయ్య సుందరి మొహంలోకే చూస్తున్నాడు. తెరలోకి చూడటం లేదు. అప్పుడు ఆమెకు అర్థమైంది, ఆయన కూడా కోడిపెట్టను చూశాడని.

లైను పోయిందని ఒక్కమాట అంటే సరిపోతుంది. బాగుచేస్తానని కిందికి వెళ్లిపోవచ్చు. డాక్టర్ వచ్చి చెబుతాడు. ఇన్నేళ్లూ అలాగే జరిగింది. సుందరి మంచం అంచున కూర్చుని, ఆ పెద్ద చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"లైను మంచిగనే ఉన్నది, పెద్దబాపు."

బాపయ్య తెర వైపు తిరిగి తల ఊపాడు.

"అనూషను పిలువు."

సుందరి పిలిచింది. గిన్నెల చప్పుడులో మొదటిసారి వినబడలేదు. రెండోసారి గట్టిగా పిలిచింది. అనూష తడిచేతులు చీరకు తుడుచుకుంటూ తెరలోకి వచ్చింది, వంగి ఆగమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టింది, ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్లీ పెట్టింది. "అత్తా," అంది మెల్లగా. తర్వాత మంచం పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. ఆమె ఏడుపు ఎక్కడా తెగకుండా వార్డులోకి వచ్చింది.

ప్రతిభ కాల్ ఆపబోయింది.

"వద్దు బిడ్డా," అన్నాడు బాపయ్య. "ఉండనియ్. అది బంద్ చెయ్యకన్నది."

డాక్టర్ వచ్చి చూసి, ఆయన్ను ఇప్పుడే కదిలించడం మంచిది కాదన్నాడు. బాపయ్య దుప్పటి పక్కకు నెట్టాడు. గొట్టం సర్దుకుని కాళ్లు కిందికి దించాడు. డాక్టర్ ఆయన్ను కాసేపు చూసి, అంబులెన్సులో ఆక్సిజన్ ఎక్కించమన్నాడు. సుందరి పక్కన నడుస్తూ గేటు దాకా వచ్చింది. టాబ్లెట్ ఆమె చేతుల్లోనే ఉంది, తెర ఆయన వైపు తిప్పి పట్టుకుంది. బండి తలుపు వేసేముందు ఆయన తెర మీద బొటనవేలు ఆనించాడు.

"ఇగ బంద్ చెయ్ బిడ్డా. నేనే పోతున్న గదా."

అంబులెన్సు బల్లార్‌పూర్ రోడ్డు ఎక్కి లారీల మధ్య కలిసిపోయింది. సుందరి కాల్ ఆపి, అక్కడే కొంచెంసేపు నిలబడి, వార్డులోకి వచ్చింది. ప్రతిభ మంచం మీది దుప్పటి తీస్తోంది. తీస్తూ పక్కనున్న చిన్న అలమారా వైపు గడ్డంతో చూపించింది.

"ఆగమ్మ ఆయీ పండుకున్నంక బాబా ఒలుచుకుంట కూసున్నడు, తాయీ. డాక్టర్ ఆదివారం ఇంటికి పంపిస్త అన్నడు గదా. ఎట్ల ఒలిచి పెట్టాలో మరిచిపోవద్దని చేతులకు చెప్తున్న అన్నడు. ఆయీకి నోట్ల పండ్లు లెవ్వు. నార ఉంటే గొంతుల పడతదట."

అలమారా మీద స్టీలు పళ్లెంలో సంత్రాపండు తొనలు గుండ్రంగా పేర్చి ఉన్నాయి, గింజలు తీసి, ఒక్క తెల్లనార కూడా లేకుండా, ఇంకా తడిగా.