బందరు కవరులో గుడివాడ చీర

"తెల్ల చేపేంట్రా? ఐదున్నర కిలోలా? బస్సులో వేశావా?" అని నాగాయలంకలో ఆనందమ్మ ఫోన్లో అరుస్తోంది.

"కిలోలు కాదక్కా, మీటర్లు! చీర! జెస్సీకి పట్టు చీర!" అని బందరు బస్టాండులో ఎలీషా అరుస్తున్నాడు.

"పట్టిన చేపే కదరా మరి! పట్టకపోతే అదేమన్నా నడుచుకుంటూ వస్తుందా? తాజాదేనా?"

"కొత్తదక్కా! నిగనిగలాడిపోతోంది! అవనిగడ్డ మీదుగా వచ్చే బస్సు, డ్రైవరు చేతికిచ్చా!"

అంతలో బస్సు హారను కొట్టింది. అక్క వినాల్సింది వినలేదు, తమ్ముడు చెప్పాల్సింది చెప్పలేదు. ఫోను మాత్రం పెట్టేశారు.

ఎలీషా గొంతు చిన్నదేం కాదు. బందరు కోర్టులో ఇరవై రెండేళ్లుగా బంట్రోతు. వరండాలో నిలబడి సాక్షి పేరు మూడుసార్లు పిలిచాడంటే, రోడ్డవతల టీ కొట్లో కూర్చున్న సంబంధం లేనివాళ్లు కూడా లేచి నిలబడి చొక్కా సర్దుకుంటారు. అంత గొంతూ ఆ పూట ఒక్క చీరని అక్క చెవిలో వేయలేకపోయింది. వేసినా ఏం లాభం? ఆ చీర గురించి అతను చెప్పిందాంట్లో నిజం ఐదున్నర మీటర్లు మాత్రమే. మిగతాదంతా జరీ.

చేపల ఊరికి చేపని పంపే మొనగాడు తన తమ్ముడొక్కడే అనుకుంటూ ఆనందమ్మ తన బావగారు ఏసుపాదాన్ని థర్మోకోల్ డబ్బాతో, డబ్బా నిండా ఐసుతో బస్సు దగ్గరికి తోలింది. ఏసుపాదం మాట మీద నిలబడే మనిషి. డ్రైవరు ఇచ్చిన కవరు విప్పి చూడమని ఎవరూ చెప్పలేదు కాబట్టి విప్పలేదు. ఐసులో పెట్టి మూతేసి ఇంటికి తెచ్చాడు. మూత తీసేసరికి పెళ్లి చీర చలికి వణుకుతూ, ఓ మూల తడిసి, ముద్దగా పడి ఉంది.

ఇల్లంతా ఒకటే నవ్వులు. "మావయ్య పెట్టిన చీర కట్టుకోవాలా, కూరొండుకోవాలా?" అని పెళ్లికూతురు జెస్సీ కూడా నవ్వింది.

ఆ ఇంట్లో అది ఆఖరి నవ్వు.

జెస్సీ తండ్రి పోయి ఆరేళ్లయింది. తండ్రి లేని పిల్లకి తెల్ల చీర పెట్టాల్సిందీ, చెయ్యి పట్టుకుని చర్చి గుమ్మం నుంచి పాస్టరు అయ్యగారి ముందుదాకా నడిపించాల్సిందీ మేనమామే. వాళ్లలో అది ఆచారం. ఎలీషాకైతే ఆచారం కన్నా ఎక్కువ. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆనందమ్మ. తొమ్మిదో తరగతి క్రిస్మస్సుకి చొక్కా లేకపోతే తన ఓణీ చింపి చొక్కా కుట్టింది. ఆ రుణం చర్చి గుమ్మం నుంచి బల్ల దాకా నడిచి తీర్చుకోవాలని అతని కోరిక. నాలుగు నెలలుగా అద్దం ముందు ఆ నడక కూడా ప్రాక్టీసు చేస్తున్నాడు.

చీర దగ్గరే కక్కుర్తి కమ్ముకొచ్చింది. బందరు షాపులో తెల్ల పట్టు ధర చూస్తే కళ్లు తెల్లబడ్డాయి. అప్పుడే ఫోన్లో లాస్య కలెక్షన్స్, గుడివాడ, కనబడింది. 'సరికొత్తది, ఒక్కసారి కూడా కట్టలేదు. క్రిస్టియన్ పెళ్లికూతుళ్లకి ప్రత్యేకం.' షాపు ధరలో మూడో వంతు.

"ఫొటోలో పట్టు తెలీదండీ, చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది" అంది భార్య ప్రేమమ్మ.

"కోర్టులో ఉన్నానే. అబద్ధం మొహం చూసి చెప్పేస్తా" అన్నాడు ఎలీషా.

అబద్ధానికి మొహం ఉంటేగా! దానికుంది లేబులు, కొత్త దారంతో కట్టింది. చీర వచ్చాక కలరా ఉండల వాసన కొట్టింది. ముక్కు సాక్ష్యం చెబుతానంటే ఎలీషా నోరు మూయించాడు. ఊరుకోలేదు, ఇంకో మెట్టు దిగాడు. అది వచ్చిన నల్ల ప్లాస్టిక్ సంచీ పారేసి, బీరువా వెనకాల దాచిన బందరు షాపు కవరొకటి తీసి అందులో పెట్టాడు. "నా కళ్లతో చూసి, నా చేత్తో ఏరి తెచ్చానక్కా" అని, ఐసు గోల తేలాక అక్క మళ్లీ ఫోను చేసినప్పుడు చెప్పాడు. ఆ మాట మాత్రం అక్కకి స్పష్టంగా వినబడింది. కొన్ని మాటలంతే, వినబడకూడనప్పుడే ఖణేల్‌మని వినబడతాయి.

తడిసిన చీరని ఆనందమ్మ సెంటర్లో ఇస్త్రీ బండి సోమేశ్వరరావు దగ్గరికి తీసుకెళ్లింది. అతను మడత విప్పాడు. లోపలి కొంగు మూల దగ్గర చెయ్యి ఆగింది. పెట్టె పక్కన పెట్టాడు.

"అమ్మా, ఇది కొత్తదని ఎవరన్నారండీ?"

"మా తమ్ముడు. ఏం?"

"జీడి గుర్తుందండీ."

గోరంత నల్ల గుర్తు. ఒక గీత, పక్కన రెండు చుక్కలు. ఎవరిల్లు ఏదో తెలియడానికి చాకళ్లు జీడిగింజ రసంతో పెట్టుకునే గుర్తు అది. నూరుసార్లు ఉతికినా పోదు. మనుషులు మాట మారుస్తారు గానీ జీడి మార్చదు.

"ఇప్పుడెవరూ పెట్టట్లేదండీ. మా నాన్న పెట్టేవోడు. ఇది పాతికేళ్ల పైమాటే. ఎన్ని ఉతుకులు చూసిందో తల్లి!" అని సోమేశ్వరరావు చీరని జాలిగా నిమిరాడు.

ఇస్త్రీతో మడతలు పోయాయి, మడతపేచీ మొదలైంది.

ఆనందమ్మ ఇంటికొచ్చి ఆలోచించింది. తమ్ముడు అబద్ధం చెప్పడు. ఓణీ చొక్కా తొడుక్కుని పెరిగినవాడు. షాపు కవరు ఉంది, కళ్లతో చూసి కొన్నానన్నాడు. మరి పాత చీర ఎలా వచ్చింది? ప్రేమమ్మ పెళ్లి చీర కూడా తెల్లదే, సన్న జరీదే. వాళ్ల పుట్టింట్లో చాకలికి వేసేవాళ్లు. పాతికేళ్లయింది. లెక్క చక్కగా సరిపోయింది. తప్పు లెక్కలు ఎప్పుడూ చక్కగానే సరిపోతాయి.

ఆ సాయంత్రమే ఫోను చేసింది. ఈసారి లైను చాలా బాగుంది.

"ఒరేయ్, నువ్వు బాధపడకు. నువ్వు కొత్తదే కొన్నావు, నాకు తెలుసు. నీ పెళ్లామే దాన్ని బీరువాలో పెట్టుకుని తన పాత చీర ఈ కవర్లో పెట్టి పంపింది. నా బిడ్డకి దాని విప్పేసిన గుడ్డా? నువ్వొచ్చి పిల్లని నడిపించు, నీ మీద నాకేం లేదు. దాన్ని మాత్రం నా పిల్ల జడ ముట్టుకోనివ్వను."

ఎలీషా నోట్లోంచి ఒకే ఒక్క అక్షరం వచ్చింది.

"ఊఁ."

ఊరంతా వినబడే గొంతున్నవాడు ఒక్క అక్షరంతో పెళ్లాన్ని ముద్దాయిని చేసేశాడు. వంటింట్లో ప్రేమమ్మ ఆడపడుచు కూతురికి పెట్టాల్సిన సున్నుండలు చుడుతోంది.

మర్నాడు శుక్రవారం. డబ్బు వెనక్కి లాగి షాపులో నిజంగానే కొత్త చీర కొనేసి, 'షాపువాడే కవరు మార్చాడక్కా' అనేస్తే పెళ్లామూ బయటపడుతుంది, తనూ బయటపడతాడు. ఇదీ ఎలీషా పథకం. అబద్ధానికి ఇంకో అబద్ధంతో అతుకు. ఏసుపాదం కొడుకు పొద్దున్నే తెచ్చి పడేసిన చీర అదే కవర్లో చంకన పెట్టుకుని గుడివాడ బస్సెక్కాడు.

లాస్య కలెక్షన్స్ అంటే షాపు కాదు, రెండంతస్తుల మేడ. వరండాలో కాంతారావుగారు కుర్చీలో కూర్చుని స్టీలు గ్లాసులో మజ్జిగ తాగుతున్నారు. నందివాడ దగ్గర చేపల చెరువులున్న ఆసామి. భార్య సుభాషిణి బయటికొచ్చింది. ఎలీషా పేరు చెప్పగానే, "ఓ, ఆ తెల్లచీర మీరేనా! కూర్చోండి" అని ప్లాస్టిక్ కుర్చీ చూపించింది. పనిమనిషి నీళ్లు తెచ్చింది, కాగితం గ్లాసులో.

ఎలీషా గ్లాసు తిప్పి తిప్పి చూశాడు. ఆ ఇంటి నుంచి అతనికి అందినవాటిలో ఎవరూ వాడనిది అదొక్కటే.

"కొత్తదని రాశారు కదండీ. దీనికి జీడి గుర్తుందండీ."

"మీరింతవరకు కట్టలేదుగా? మీకు కొత్తదేనండీ" అందామె నవ్వుతూ. "అయినా పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీశారా? వీడియో ఉంటేనే రిటర్నండీ. పేజీలో రాశాంగా."

పార్సిల్ ఐసు మీద విప్పారనీ, ఆ వీడియో ఉంటే రాష్ట్రమంతా చూసి నవ్వేదనీ ఎలీషా చెప్పలేదు.

కాంతారావుగారు గ్లాసు దించి చీర వైపు చూశారు. లేచొచ్చి కొంగు మూల పట్టుకున్నారు.

"ఇది అమ్మది కదూ?"

సుభాషిణి చీరని ఆయన చేతిలోంచి లాగబోయింది.

"నాన్న పోయాక, తను పోయేదాకా ముప్పై ఏళ్లు తెల్లవే కట్టింది. ఇది చెల్లి పెళ్లికి కట్టింది, ఎవరికీ కనబడకుండా వెనకాల కూర్చుని. అమ్మ చీరలు అమ్ముతున్నావా, సుభా?"

"మరేం చెయ్యమంటారు? మనింట్లో తెల్లది ముట్టుకునేదెవరు? వీళ్ల పెళ్లిళ్లకి తెల్లదే కావాలి. పారేసేదానికన్నా పనికొస్తుందనే కదా." అని ఎలీషా వైపు తిరిగింది. "మీలో పట్టింపులుండవు కదండీ."

పట్టు మీది, పట్టింపు మీది, మాకు మిగిలింది తట్టుకోవడమేనా అని ఎలీషాకి నోటిదాకా వచ్చింది. మామూలుగా అయితే ఆ వరండా అదిరిపోయేది. నోరు తెరిచాడు కూడా. అంతలో సుభాషిణి కళ్లు అతని చేతిమీద పడ్డాయి.

"ఈ కవరు మాది కాదే? మేం పంపింది నల్ల సంచీలో. బందరు షాపు కవర్లోకి ఎవరు మార్చారు?"

తెరిచిన నోరు అలాగే మూసేశాడు. కాంతారావుగారు చీర మీద నుంచి చెయ్యి తీయలేదు. ఎలీషా చీర ఆయన చేతిలోనే వదిలేశాడు. డబ్బు అడగలేదు. నీళ్లు తాగలేదు. ఉత్త కవరు మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కాడు.

శనివారం పొద్దున్న నాగాయలంకలో షామియానా కింద చుట్టాలంతా చేరారు. చర్చికి బయల్దేరే ముందు అయ్యగారు ప్రార్థన చేస్తారు. జెస్సీ పెళ్లికొడుకు వాళ్లు పెట్టిన తెల్లచీర కట్టుకుంది. ప్రేమమ్మ మల్లెదండ పట్టుకుని జడ దగ్గరికి వెళ్లింది. ఏసుపాదం భార్య దండ లాక్కుంది. "నీ చేత్తో వద్దులే వదినా. మళ్లీ పాతవి పెడతావేమో" అంది. ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. ప్రేమమ్మకి ఆ నవ్వు ఎందుకో అర్థం కాలేదు. ఖాళీ చేతులతో తిరిగి భర్తవైపు చూసింది.

"ఎలీషా, రా. పిల్ల చెయ్యి పట్టుకో" అని ఆనందమ్మ పిలిచింది.

నాలుగు నెలలు ప్రాక్టీసు చేసిన నడక. నాలుగడుగులేస్తే చాలు. ఎలీషా కదల్లేదు. జేబులోంచి కవరు తీశాడు.

"అయ్యగారూ, ప్రార్థనకి ముందు నేనొక సాక్ష్యం చెప్పాలండీ."

ఇరవై రెండేళ్లుగా సాక్షుల్ని పిలిచినవాడు ఆరోజు తన పేరు తనే పిలుచుకున్నాడు. వెనక వరసలకి వినబడనంత చిన్నగా చెప్పాడు.

"ఆ పాత చీర ప్రేమమ్మది కాదక్కా. దాని పెళ్లి చీర దాని బీరువాలోనే ఉంది. నేను షాపుకి వెళ్లలేదు. గుడివాడలో ఒకావిడ దగ్గర ఫోన్లో కొన్నా. కొత్తదని ఆవిడ రాసింది, నమ్మా. వాసన చూశాక నమ్మలేదు. అయినా నల్ల సంచీ తీసేసి ఈ కవర్లో పెట్టింది నేనే. అది చనిపోయిన ఒక పెద్దావిడ కట్టిన చీర. మొగుడు పోయాక కట్టుకున్న తెల్లచీర. మొన్న ఫోన్లో నువ్వు దీన్ని అంటుంటే ఊఁ కొట్టింది కూడా నేనే."

షామియానా గుడ్డ గాలికి టపటపలాడింది. ఆనందమ్మ తన చీర చూసుకుంది. ఆరేళ్లుగా ఆమె కట్టేవీ వెలిసిన రంగులే.

"మొగుడు పోయినావిడ చీరైతే నాకేం రా? నేను పెట్టింది నా బిడ్డ తినట్లేదా?" అంది. "పాతదైనా నాకేం బాధ లేదు. నా ఓణీ చింపి నీకు చొక్కా కుట్టినరోజు, అది కొత్తదని చెప్పానా?"

ఎలీషా చేతిలో కవరు మళ్లీ మడతపెట్టాడు.

ఆనందమ్మ ఏసుపాదం దగ్గరికెళ్లి, "బావగారూ, పిల్లని మీరు నడిపించండి" అంది. ఏసుపాదం కండువా సర్దుకుని జెస్సీ చెయ్యి పట్టుకున్నాడు. ఏసుపాదం భార్య మల్లెదండ తెచ్చి మాట్లాడకుండా ప్రేమమ్మ చేతిలో పెట్టింది. ప్రేమమ్మ తీసుకుంది గానీ జడ దగ్గరికి వెళ్లలేదు.

చివరి వరసలో కూర్చున్న ఆనందమ్మ అత్తగారికి చెముడు. "ఏమంటున్నాడే? చేప పాడైందంటనా? అంతా అలా ఉన్నారేం?" అని అడిగింది.

ప్రేమమ్మ ఆమె చెవి దగ్గర వంగి, షామియానా అంతటికీ వినబడేలా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"చేప కాదు పిన్నీ, చీర. పాతది. కొత్తదని చెప్పి పంపించాడు. నేను మార్చానని నన్నన్నారు. నేను మార్చలేదు. కవరు మార్చింది మా ఆయనేనంట."