వెంట్రుకవాసి

మేస్త్రి మళ్ళీ బోనెట్టు ఎత్తాడు. పొద్దుటినుంచి ఇది ఆరోసారి. ఇంజను మీదకి వంగి, నిప్పురవ్వలు పంచే డిస్ట్రిబ్యూటరు డబ్బా మెడ దగ్గరి బోల్టుని ఓ పిసరు వదులు చేశాడు. ఆ డబ్బాని అటు తిప్పితే నిప్పురవ్వ ముందుగా పడుతుంది, ఇటు తిప్పితే ఆలస్యంగా పడుతుంది. ఆలస్యమైతే బండి నీరసంగా ఈడుస్తుంది. మరీ ముందుగా పడిందా, ఇంకా పైకొస్తున్న పిస్టను నెత్తిన సమ్మెటపోటే. లోపల కిటకిటమంటుంది. అది విని వెంటనే ఆక్సిలరేటరు మీంచి కాలు తీస్తే సరి, లేకపోతే పిస్టనుకి చిల్లే.

దీపం వేసి, ఇంజను ముందు తిరిగే కప్పీ మీది గీత చూసి సరిచేసే పనిముట్టు ఆయన దగ్గరా ఉంది. కానీ ఈ కారు బాగా ముసలిది, కప్పీ మీది గీత ఎప్పుడో జారి ఎక్కడికో పోయింది. ఇలాంటి బళ్ళకి మేస్త్రి చెవే దిక్కు. నలభై ఏళ్ళుగా ఊళ్ళో బళ్ళన్నీ ఆ చెవిని నమ్ముకునే తిరిగాయి.

పోయిన నెల ఇదే కారు పిస్టనుకి చిల్లు పడింది. బాడుగలకు తిప్పుకునే డ్రైవరుది అది, ఇంటిల్లిపాదీ దాని మీదే బతుకుతున్నారు. "పెట్రోలు కల్తీ బాబాయ్" అని అతనే తేల్చేశాడు, బంకువాడితో జగడమాడి వచ్చాడు. మేస్త్రి ఔననలేదు, కాదనలేదు. కొత్త పిస్టను తెచ్చి వేశాడు, అంతే. ఇవాళ సాయంత్రం కారు అప్పగించాలి. మళ్ళీ చిల్లు పడితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

బోల్టు బిగించి, షెడ్డు పక్కనున్న ఎత్తురోడ్డు మీదకి ఒక్కడే తోలాడు. పై గేరులో పెట్టి నిండా కాలేసి తొక్కాడు. చప్పుడేం లేదు. కిందికొచ్చి ఇంకొంచెం ముందుకి తిప్పాడు. లేదు. చివరికి తెలిసి తెలిసి బాగా ముందుకి తిప్పేశాడు, చంటిపిల్లాడికైనా వినపడాల్సినంతగా. ఎత్తు సగం ఎక్కేసరికి స్టీరింగు చేతుల్లో సన్నగా అదిరింది. చెవికి మాత్రం ఏమీ లేదు, మెత్తటి హోరు తప్ప. చటుక్కున కాలు తీసేశాడు. రోడ్డు పక్కన ఆపాడు.

పిస్టను చిల్లు ఎవరి పుణ్యమో ఆయనకి అప్పుడు రూఢిగా తెలిసింది. నెలరోజులుగా లోపల దాచుకున్న అనుమానమే, ఇక దాచుకోవడానికి లేదు.

షెడ్డు వెనక గదిలోనే కాపురం. ఆయన భార్య కుట్టుమిషను ముందు కూర్చుని జాకెట్టుకి చేతులు అతుకుతోంది.

"ఏమే, కాసేపు కారెక్కు."

"ఎక్కడికి, పెళ్ళికా?"

"ఎత్తురోడ్డు మీదకి. నాకు చప్పుడు వినపడటం లేదు."

ఆవిడ పాదం ఆపింది. "రెండేళ్ళ నుంచి కుక్కరు విజిలు వినపడటం లేదు నీకు. నువ్వే ఒప్పుకుని అడిగే రోజు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నా."

"తెలిసీ చెప్పలేదే?"

"చెప్తే వింటావా?" అని తనలో తనే నవ్వుకుని, సూదిలో దారం తెంపి లేచింది. "నాకు ఇంజను సంగతి ఏం తెలుసయ్యా?"

"తెలియక్కర్లేదు. ఎక్కేటప్పుడు కొత్త చప్పుడేదైనా పుడితే చెప్పు."

మొదటిసారి ఎక్కేటప్పుడు డబ్బాని అలాగే తప్పుగా ఉంచాడు, ఆవిడకి ఆ చప్పుడు తెలియాలని. సగం ఎత్తులో ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"ఇదిగో. సూది కింద రేకుకి తగిలితే వస్తుంది చూడు, టిక్కుటిక్కుమని. సరిగ్గా అలా."

మేస్త్రి వెంటనే కాలు తీశాడు. చిన్నప్పటి నేస్తం కబురు ఇంకొకళ్ళ నోట విన్నట్టయింది ఆయనకి. "అదే. అదేనే."

కిందికొచ్చి వెంట్రుకవాసి వెనక్కి తిప్పాడు. రెండోసారి ఎక్కారు. "ఉంది, సన్నగా." ఇంకో వెంట్రుకవాసి. మూడోసారి ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"బాగా విన్నావా?"

"లేదన్నానా."

ఇంకొకరైతే అక్కడికి సరే అనుకుందురు. మేస్త్రి అనుకోలేదు. బాడుగ కారులో ఇద్దరే ఎక్కుతారా ఏమిటి? షెడ్డులోంచి నాలుగు ఇసుక బస్తాలు ఈడ్చుకొచ్చి వెనక సీట్లో కుదేశాడు. ఆవిడ ఓ చివర పట్టబోతే వద్దన్నాడు, నడుము పట్టుకుంటుందని. ఆయన నడుము మాత్రం ఇనుముతో పోతపోశారు కాబోలు. నాలుగోసారి, మలుపు దగ్గర, ఆవిడ వేలెత్తింది.

"రెండే రెండు టిక్కులు."

మళ్ళీ కిందికి. మళ్ళీ పిసరంత. ఐదోసారి బస్తాలతో సహా కారు ఎత్తు మీదికి ఎక్కేసింది. ఆవిడ కళ్ళు మూసుకుని వింటోంది, పైదాకా నోరు మెదపలేదు.

పైన కారాపి మేస్త్రి బోల్టు ఇక కదలకుండా బిగించాడు. ఆవిడ దిగొచ్చి, రొంటిన దోపుకున్న నీలం సుద్దముక్క తీసి, డబ్బా మీదనుంచి ఇంజను మీదకి ఒకటే గీత గీసింది, గుడ్డ మీద గీసినంత సూటిగా. "కదిలితే గీత రెండుగా విడిపోతుంది. అప్పుడు తెలిసిపోతుంది" అంది.

సాయంత్రం డ్రైవరు వచ్చాడు. మేస్త్రి తాళాలు ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

"పోయినసారి పెట్రోలు తప్పేం లేదురా. టైమింగు నేనే తప్పుగా పెట్టాను. నా చెవులు పోయాయి."

డ్రైవరు తాళాల కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నెలరోజులుగా బంకువాడి మొహం చూడలేదు బాబాయ్ నేను."

"తెలుసు. నోరు మూసుకున్నాను. అదీ నా తప్పే."

"మరి ఇవాళ ఎవరు విన్నారు?"

"మీ పిన్ని."

డ్రైవరు ఆవిడ వంక చూశాడు. ఆవిడ జాకెట్టు చేతులు విప్పి మళ్ళీ అతుకుతోంది, తలెత్తలేదు. "ఐదుసార్లు ఎక్కాం నాయనా. చివరి రెండుసార్లు ఇసుక బస్తాలతో. నమ్మకం లేకపోతే నువ్వూ ఓసారి ఎక్కించి చూసుకో" అంది.

"బంకువాడికి ఏం చెప్పమంటావు బాబాయ్?"

బంకువాడికి చెబితే తెల్లారేసరికి బజారంతా తెలుస్తుంది. మేస్త్రికి ఆ సంగతి బాగా తెలుసు. తాళాలు డ్రైవరు చేతిలో పెట్టాడు. "ఉన్నదే చెప్పు. మేస్త్రి చెవులు పోయాయని చెప్పు."

అది తెలిశాక కొందరు రావడం మానేశారు. వచ్చినవాళ్ళ బళ్ళు ఆవిడ పక్క సీట్లో కూర్చుంటేనే ఎత్తెక్కేవి. అలా చలికాలం దాకా సాగింది. ఒకనాడు తెల్లవారి మేస్త్రి లేవలేదు, అంతే. నిద్రలోనే పోయాడు, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా.

చుట్టాలని స్టేషను నుంచి తీసుకురావడానికి డ్రైవరు కారు తెచ్చాడు. ఆవిడని రావద్దని ఎంతమంది అన్నా వినలేదు, ముందు సీట్లో కూర్చుంది. తిరిగొచ్చేటప్పుడు వెనక నలుగురు, డిక్కీ నిండా సామాను. ఎత్తు ఎక్కుతుంటే వెనక సీటువాళ్ళు ఏడుస్తున్నారు. ఆవిడ వాళ్ళ వైపు తిరిగి, "కాసేపు ఊరుకోండమ్మా, నన్ను విననివ్వండి" అంది. పైదాకా వింది. ఒక్క టిక్కు కూడా లేదు.

ఆ డ్రైవరు కారంతా రోజూ కడుగుతాడు గానీ బోనెట్టు కింద మాత్రం నీళ్ళు కొట్టడు. మసిపట్టిన ఇనుము మీద ఆ నీలం సుద్దగీత అలాగే ఉంది, విడిపోకుండా, ఒకటే గీతగా.