కుళాయి కింది మడుగు

అక్టోబరులో ఉత్తరాది నుంచి వార్బ్లర్లు నర్సీపట్నం పార్కులో దిగుతాయి. గుప్పిట్లో దాగిపోయేంత చిన్న పిట్టలు. ఆకుల రంగులో ఉండి ఆకుల మధ్యే తిరగడంతో కంటికన్నా ముందు చెవికి దొరుకుతాయి. రిటైరైన జువాలజీ లెక్చరర్ శ్యామలాంబ ఏటా వాటికోసం తెల్లవారుతూనే పార్కుకు వెళ్లేది. ఒకప్పుడు ఆమె దగ్గర చదువుకుని, ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్న శ్రీదుర్గ ఈసారి తోడొచ్చింది.

ఆ ఆదివారం మంచు దట్టంగా పట్టింది. ఇద్దరూ కానుగచెట్ల కింద చాలాసేపు నిలబడ్డారు. కొమ్మల్లో ఉలుకూ పలుకూ లేదు.

"ఏటి మేడమ్, ఒక్కటీ పలకట్లేదు?" అంది శ్రీదుర్గ.

"మంచు కదా, ఆలస్యమేమో," అంది శ్యామలాంబ. ఆ మాట ఆమెకే నమ్మకంగా తోచలేదు. కాకులు సైతం అరవడం లేదు.

నాలుగడుగులు వేశాక శ్రీదుర్గ చటుక్కున ఆగింది. దారి పక్కన ఒక వార్బ్లర్ వెల్లకిలా పడి ఉంది. ముక్కు తెరుచుకుని, కాళ్లు బిగుసుకుని వణుకుతోంది. శ్యామలాంబ దాన్ని రుమాలులోకి తీసుకునేసరికే ప్రాణం పోయింది. అక్కడినుంచి కుళాయి దాకా పిట్టలే పిట్టలు, రాలిన ఆకుల్లా. కుళాయి కింద చిన్న మడుగు. దాని మీద నూనెతెట్టు రంగులు రంగులుగా మెరుస్తోంది.

ఆమె వంగి వాసన చూసింది. గొలుగొండలో తమ్ముడి జీడితోటకు పురుగుమందు కొట్టిన రోజున ఇల్లంతా ఇదే వాసన.

"దుర్గా, ఈ నీళ్లు ఎక్కణ్ణించి వస్తాయి?"

"ఆ సిమెంటు ట్యాంకు నుంచండి. వాకింగుకి వచ్చినోళ్లు తాగే నీళ్లూ అవే."

శ్యామలాంబ అరవయ్యేళ్లు దాటిన మోకాళ్లతో పరుగెత్తింది. మంచినీళ్ల పంపు పక్క బెంచీ మీద రిటైర్డు హెడ్మాస్టరు జగదీశ్వరరావు ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"మేష్టారూ, ఈ పంపు నీళ్లు తాగేరా?"

"రాగానే రెండు గ్లాసులు తాగేనండీ. కొంచెం కంపు కొట్టింది. ట్యాంకు కడగలేదనుకున్నాను."

అంత చలిలో ఆయన చొక్కా చెమటకు తడిసిపోయింది. మాట్లాడుతుంటే నోట్లోంచి చొంగ కారుతోంది. కనుపాపలు సూదిమొనంతయ్యాయి.

"దుర్గా, బేగి ఆటో పిలు," అందామె. తర్వాత పంపు దగ్గరకు వస్తున్న వాళ్లందరినీ చేతులడ్డం పెట్టి ఆపింది.

ఆసుపత్రిలో శ్యామలాంబ రుమాలు విప్పి చచ్చిన పిట్టను డాక్టరు ముందు పెట్టింది. "ఈయన తాగిన పురుగుమందు నీళ్లే ఇదీ తాగింది," అంది. డాక్టరు ఇంకేమీ అడగకుండా ఇంజెక్షను అందుకున్నాడు. సాయంత్రానికి జగదీశ్వరరావు కళ్లు తెరిచాడు. ప్రాణానికి భయం లేదన్నారు.

ట్యాంకు అడుగున పురుగుమందు డబ్బా దొరికింది. ఎవరో పొరపాటున పడేసి ఉంటారని అందరూ అనుకున్నారు. పార్కు వాచ్‌మన్ కొండన్న మాత్రం శ్యామలాంబను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అన్నాడు. "ట్యాంకు మూతకి తాళం ఉంటాదండి. ఆ తాళం తీసి, మందు పోసి, మళ్లీ వేసీసేరు. పొరపాటని ఎలా సెప్పనండీ?"

రోజూ పార్కులో తనకు నమస్కారం పెట్టే ముఖాలన్నీ శ్యామలాంబకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

మర్నాడు తెల్లవారి ఇద్దరూ మళ్లీ వెళ్లారు. అప్పటికే పోలీసులు ట్యాంకు ఖాళీ చేయించి, పార్కు గేటుకు తాళం వేసి తాళంచెవి పట్టుకుపోయారు. ఊచల మధ్యనుంచి కుళాయి కింది మడుగు కనిపిస్తోంది. దాన్ని పూడ్చాలని ఎవరికీ తోచలేదు.

మంచులోంచి సన్నటి పిలుపులు వినిపించాయి. రాత్రంతా ఎగిరి వచ్చిన కొత్త గుంపు, దాహంతో, కొమ్మ నుంచి కొమ్మకు మడుగు వైపు దిగుతోంది.

శ్యామలాంబ గట్టిగా చప్పట్లు కొట్టింది. పిట్టలు లేచాయి, ఒక చుట్టు తిరిగి మళ్లీ వాలాయి. ఆమె రాయి తీసుకుని గేటు ఊచల మీద కొట్టడం మొదలుపెట్టింది.

"ఇంకా వస్తన్నాయి మేడమ్," అంది శ్రీదుర్గ. తనూ ఒక రాయి అందుకుని, చీర కుచ్చెళ్లు ఎగదోపి, గేటు ఎక్కసాగింది.