అంచున వ్రాసిన ఒప్పు

పలుకు తల్లివీవు పత్రమందున వెల్గు
నక్షరమ్ము నీవె యందు తప్పు
దిద్దు వేళ మదిని దీపమై నిలువవే
సంశయంబు బాపి చదువులమ్మ!

వాగ్దేవికి మ్రొక్కి మొదలుపెడుతున్నాను. అనుమానం ఒక చక్కని ఇంట్లోకి ఏ దారిన వచ్చిందో, చివరికి ఎవరి చేతిలో దొరికిపోయిందో చెప్పే కథ ఇది.

మూడంతస్తుల ఆ భవనంలో పై వాటా పెద్దావిడను ఇరుగుపొరుగు వారందరూ ‘దిద్దుబాటు అత్తయ్య’ అనేవారు. ముప్పైయొక్క సంవత్సరాలు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది, కళ్ళజోడు అద్దాలు బాగా మందమయ్యాక ఇంటిపట్టున కూర్చున్న మనిషి. ఉద్యోగంలో చేరిన మొదటి రోజున ఫోర్మన్ ఎర్ర పెన్సిలు చేతికిచ్చి ఒకే మాట చెప్పాడు: “తప్పు కింద గీత ఎవరైనా గీస్తారమ్మా. ఒప్పేదో పక్క అంచున రాస్తేనే అది దిద్దడం.” ఆ మాట ఆమెకు నరనరాన ఇంకిపోయింది.

ఇప్పుడు దిద్దడానికి ప్రూఫులు లేవు గాని, టీవీలో సీరియళ్ళకు కొదవ లేదు. సాయంత్రం ఏడు కాగానే ఒడిలో అట్ట, అట్ట మీద కాగితం, చెవి వెనుక ఎర్ర పెన్సిలు పెట్టుకొని ఆమె తెర ముందు కూర్చునేది. ఇక వ్యాఖ్యానం మొదలయ్యేది.

“మెడలో అంత బరువు వేసుకుని నిద్రపోయే ఆడది ఎక్కడైనా ఉందా? తెల్లారేసరికి మెడ పట్టేయదూ?”

“ఒక్క మాటకి ఆరుగురి ముఖాలూ మూడేసిసార్లు చూపించాలా! నేను లోపలికెళ్ళి గిన్నెలు తోముకుని వచ్చాను, ఆవిడ ఇంకా ఆశ్చర్యపోతూనే ఉంది.”

“మబ్బు లేదు, వాన లేదు. అత్తగారు కన్నెర్ర చేస్తే ఆ ఉరుమెక్కడిది?”

అన్నింటికంటె ఆమెకు ఒళ్ళు మండేది చాటున వినే సన్నివేశాలంటే. “ఎంత పెద్ద ఇల్లయినా సరే, తలుపుకొకరు చొప్పున వెనక నిలబడి ఉంటారు. అందరికీ సగం మాటే వినబడుతుంది. మిగతా సగం వినేదాకా నిలబడే ఓపిక ఒక్కళ్ళకీ లేదు!”

ఈ అభిప్రాయాలన్నింటినీ ప్రతి శుక్రవారం ఊదారంగు సిరాతో ఉత్తరంగా వ్రాసి, కార్బన్ కాగితం పెట్టి నకలు తీసి, సీరియల్ తీసేవారి చిరునామాకు పంపేది. అంటించిన కవరును కోడలు పనికి పోతూ పోస్టు డబ్బాలో వేసేది. రెండు సంవత్సరాలలో ఒక్క జవాబు రాలేదు. అందుకామె చిన్నబుచ్చుకోలేదు. ప్రూఫులు దిద్దినవారికి రచయితలు జవాబులు వ్రాయడం ఆమె ఎన్నడూ ఎరుగదు.

అటువంటి ఇంట్లోకి అనుమానం ఒక మంగళవారం నాడు ప్రవేశించింది.

ఆ సాయంత్రం తెర మీది అత్తగారు కోపం వస్తే అరవలేదు. కళ్ళజోడు తీసి, అద్దాలు కిందికి వచ్చేట్టు బల్ల మీద బోర్లించి, మాట్లాడకుండా లేచిపోయింది. పెద్దావిడ చేయి తన కళ్ళజోడు మీదికి తానుగా పోయింది. కోపం వస్తే అలా బోర్లించడం ఆమె అలవాటు. ఆ ఇంట్లో కళ్ళజోడు బోర్లిస్తే ఆ పూట ఎవరూ నోరెత్తరు.

మరునాడు మెట్ల దగ్గర కింది వాటా దర్జీ భార్య ఎదురయింది. “అక్కగారూ, నిన్న సీరియల్ చూశారా? ఆ అత్తగారు అచ్చం మీరే! మిమ్మల్ని చూసి నేర్చుకుందేమో అన్నారు మా ఆయన.”

“మీ ఆయన్ని ముందు నా జాకెట్టు చేతులు రెండూ ఒకే పొడవు కుట్టమను. తర్వాత సీరియళ్ళు చూద్దురుగాని,” అని పెద్దావిడ దాటిపోయింది గాని, మెట్టు మెట్టుకూ ఆ మాట వెంటపడుతూనే ఉంది.

తరువాతి వారం తెర మీది కోడలు ఏడుపు వినబడకుండా కొళాయి తిప్పి, ఆ హోరులో కన్నీళ్ళు పెట్టుకుంది. అదీ ఈ ఇంటి సంగతే. ఆ పై వారం మామగారు పోయిన తరువాత కూడా ఆయన చెప్పులను గుమ్మం దగ్గర అలాగే ఉంచిన అత్తగారు కనబడింది. పెద్దావిడ లేచి వాకిలి దాకా పోయి చూసింది. గుమ్మం పక్కన పోయిన భర్త చెప్పులు పన్నెండేళ్ళుగా ఉన్నచోటనే ఉన్నాయి.

ఇంటి గుట్టును వీధిన పెడుతున్నదెవరు?

ఇంట్లో ఉన్నది ముగ్గురు. కొడుకు సంగతి చెప్పనక్కరలేదు, వాడికి తన కడుపులో ఆకలిని కూడా పైకి చెప్పడం రాదు. ఇక మిగిలింది కోడలు. కోడలు బ్యూటీ పార్లరులో పని చేస్తుంది. ఏడు గంటల సీరియల్లో అత్తగారి వేషం వేసే నటి జుట్టుకు రంగు వేయించుకోవడానికి వచ్చేది ఆ పార్లరుకే! తల వంచి గంటసేపు కూర్చునే మనిషికీ, తల మీద చేయి వేసిన మనిషికీ మధ్య ఎన్ని మాటలు దొర్లవు?

ఒకసారి కన్ను పడిన తరువాత అన్నీ సాక్ష్యాలే అయ్యాయి. ఫోను మోగితే కోడలు బాల్కనీలోకి పోయి తలుపు దగ్గరగా వేస్తుంది. ఏడు గంటలకు ఇదివరకు నవ్వుతూ పక్కన కూర్చునేది, ఇప్పుడు ఏదో ఒక పని పెట్టుకొని వంటింట్లోనే ఉంటుంది. ఒకనాడు పెద్దావిడ, “రావే అమ్మాయ్, నీ సీరియల్ వస్తోంది,” అన్నది, ‘నీ’ అన్న అక్షరాన్ని గట్టిగా ఒత్తి. కోడలి ముఖం పాలిపోయింది. “నాకు తలనొప్పిగా ఉంది అత్తయ్యా,” అని లోపలికి పోయింది. ఆ శుక్రవారం నుంచి పెద్దావిడ ఉత్తరాన్ని కోడలి చేతికివ్వడం మానివేసి, మోకాళ్ళ నొప్పితో మూడంతస్తులూ దిగి తానే పోస్టు చేసింది.

అంతవరకూ అది కంట్లో నలుసు. ఆ శుక్రవారం సాయంత్రమే అది గుండెల్లో ముల్లయింది. సీరియల్ అయిపోగానే సోమవారం రాబోయే భాగం రెండు నిమిషాలు చూపించారు. తెర మీది కొడుకు ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పక, ఇస్త్రీ చొక్కా వేసుకొని, భోజనం డబ్బా పట్టుకొని, బస్సు స్టేషన్ వెయిటింగ్ హాలులో ఒంటరిగా కూర్చున్నాడు.

పెద్దావిడ లేచి టీవీ కట్టేసింది.

కిందటేడు తాను పని చేసే గిడ్డంగి మూతబడినప్పుడు ఆమె కొడుకు రెండు నెలలు చేసినది ఇదే. కళ్ళజోడు బాగు చేయించుకొని వస్తూ, బస్సు స్టేషన్‌లో ఆమె తన కళ్ళతో చూసింది. బల్ల మీద కూర్చొని, డబ్బా మూత అడ్డుపెట్టుకొని తింటున్నాడు. పిలవలేదు. చప్పుడు కాకుండా వెనుదిరిగి వచ్చింది. తాను చూసినట్టు వాడికి తెలియదు. నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు వాడు కొత్తచోట స్టోర్స్ గుమాస్తా. అక్కడివారందరూ ఏడు గంటల సీరియల్ చూసేవారే. ఇంటి పోలికలు ఇప్పటికే దర్జీ దంపతుల నోట నలుగుతున్నాయి. సోమవారం దాటితే వాడు తల ఎత్తుకొని తిరుగుతాడా?

మొగుడు తనతో చెప్పుకున్న అవమానాన్ని కూడా అమ్ముకున్నదన్న మాట, అనుకున్నది పెద్దావిడ.

శనివారం మధ్యాహ్నం కోడలు ఒంటిపూట పని ముగించుకొని వచ్చి, ఫోను తీసుకొని బాల్కనీలోకి పోయింది. పెద్దావిడ తలుపు వెనుక నిలబడింది.

“ఆ వెయిటింగ్ హాలు సంగతి మీకు మొత్తం చెప్పాను కదండీ... మా ఆయనకి తెలియకూడదు. మా అత్తయ్యకి అసలు అనుమానం రాకూడదు...”

ఇక వినవలసినది ఏముంది? ఆమె గదిలోకి వచ్చి కొడుకుకు ఫోను చేసింది. “ఇవాళ పెందలాడే రా. నీ పెళ్ళాం సంగతి తేల్చాలి.”

“ఏమైందమ్మా?”

“వచ్చాక చెబుతా. ఈ ఇంట్లో అది ఉండాలో నేనుండాలో నువ్వే చెబుదువుగాని.”

నేరం మోపడమంటే ఆధారాలు వరుసగా ఉండాలి. ఏ సన్నివేశం ఏ తేదీన వచ్చిందో పట్టిక వ్రాయాలని, తారీఖుల కోసం తన ఉత్తరాల నకళ్ళ కట్ట విప్పింది. ఎర్ర పెన్సిలు చేతికి తీసుకున్నది. ప్రూఫును మూలప్రతితో పోల్చినట్టు, పైనుంచి కిందికి వేలు పెట్టి చదవసాగింది.

నాలుగో కాగితం దగ్గర వేలు ఆగిపోయింది.

‘మీ సీరియల్లో అత్తగారు ఊరంతా వినబడేలా అరుస్తున్నారు. తప్పు.’ దాని పక్కన, అంచున, ఆమె చేతివ్రాతే: ‘నిజమైన కోపానికి గొంతు ఉండదు. కళ్ళజోడు తీసి బల్ల మీద బోర్లించి లేచిపోతుంది.’

గబగబా కాగితాలు తిప్పింది. ‘కోడలు హాలు మధ్యలో నిలబడి ఏడవడం తప్పు. కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడుస్తుంది.’ చెప్పులూ ఉన్నాయి. అచ్చుతప్పు ఒక్కటి లేకుండా అన్నీ ఉన్నాయి. చివరి ముల్లు ఆరు నెలల కిందటి కాగితంలో దొరికింది. ‘ఉద్యోగం పోయిన మగవాడు తాగి నడిరోడ్డు మీద అరిచినట్టు చూపించారు. తప్పు. వాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, డబ్బా తీసుకుని, బస్సు స్టేషన్ వెయిటింగ్ హాల్లో కూర్చుంటాడు. తల్లి చూసినా చూడనట్టు వచ్చేస్తుంది.’

రెండు సంవత్సరాలు ఆమె వారివి తప్పులని గీసింది. ఒప్పు కావలసి వచ్చినప్పుడల్లా తన ఇంట్లోనుంచి తీసి అంచున వ్రాసింది. నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదన్న మాట నిజమే. వ్రాయడం చెప్పడమని ఆమెకు తోచనే లేదు.

“అత్తయ్యా, టీ.”

కోడలు గుమ్మంలో నిలబడి ఉంది. మంచం మీద పరచిన కాగితాలు చూసింది, అత్తగారి ముఖం చూసింది. టీ కప్పు బల్ల మీద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ అలాగే నిలబడింది.

“నీకు ముందే తెలుసా?” అని పెద్దావిడ అడిగింది.

“నెల నుంచీ తెలుసు. వాళ్ళ రైటరు దగ్గర ఒక పెద్దావిడ ఉత్తరాల కట్ట ఉందని ఆ నటే చెప్పింది. ఊదారంగు సిరా, అంచుల్లో ఎర్ర పెన్సిలు అంది. ఇంకెవరై ఉంటారు అత్తయ్యా?”

“నాతో ఎందుకనలేదు?”

“అంటే మీరు పెన్సిలు పక్కన పడేస్తారు. ఆ తర్వాత ఏడింటికి మీకేం మిగులుతుంది?” అన్నది కోడలు. “ఆ వెయిటింగ్ హాలు సీను తీసేయమని మూడు వారాల నుంచీ వాళ్ళ ఆఫీసు చుట్టూ ఫోన్లు చేస్తున్నాను. ఇవాళ కూడా బతిమాలాను. తల్లి చూసి కూడా పిలవకుండా వచ్చేయడం అందులో ఉందట. మీరు ఆయన్ని చూశారని ఆయనకి తెలిస్తే కుమిలిపోతారని నా భయం. సీను తీసేయడం అయ్యే పని కాదట, ఇప్పటికే షూటింగ్ అయిపోయిందట.”

“నేను తలుపు వెనకే ఉన్నాను,” అన్నది పెద్దావిడ. “సగం విని వచ్చేశాను.”

కోడలు ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియని ముఖంతో, చల్లారిపోతున్న టీ కప్పును అత్తగారి వైపు జరిపింది.

కొడుకు వచ్చేసరికి ఆరయింది. చెప్పులు విడవకుండానే, “ఏం జరిగిందమ్మా? దారంతా నా గుండె దడదడలాడింది!” అన్నాడు.

“కూర్చో. తేల్చాల్సింది దాని సంగతి కాదు, నాది.” పెద్దావిడ ఆ నకలు కాగితాన్ని కొడుకు చేతిలో పెట్టింది. “సోమవారం అందరూ చూస్తారు. అంతకంటే ముందు నువ్వు నా నోట వినాలి. ఆ రోజు బస్సు స్టేషన్లో నిన్ను చూశాను. పిలవలేదు. పైగా ఈ చేత్తో రాసి లోకానికి పంపాను. అది తెలియక నీ భార్యని దొంగలా చూశాను.”

కొడుకు కాగితం చదివాడు. మడిచి బల్ల మీద పెట్టాడు.

“చూశావని నాకు తెలుసమ్మా,” అన్నాడు. “మర్నాటి నుంచి డబ్బాలో అన్నం ఎక్కువైంది. రోజంతా కూర్చునేవాడికి అంత అన్నం ఎందుకు పెడతావు? ఎవరైనా పక్కన కూర్చుంటే వాళ్ళకీ ఉంటుందని పెట్టావు. ఒక పెద్దాయన ఉండేవాడు, ఇద్దరం తినేవాళ్ళం.”

పెద్దావిడ కళ్ళజోడు తీసింది. బోర్లించలేదు. తడిసిన అద్దాలను కొంగుతో తుడుచుకున్నది. తరువాత కోడలి వైపు తిరిగి, “అమ్మాయ్, నాది తప్పు,” అన్నది. ఆ మాట పక్కన అంచున ఏమి వ్రాయాలో ఆమెకు తోచలేదు. కోడలే వచ్చి పక్కన కూర్చుంది.

సోమవారం ఏడు గంటలకు ముగ్గురూ తెర ముందు కూర్చున్నారు. కోడలికి ఆ రోజు తలనొప్పి రాలేదు. వెయిటింగ్ హాలు వచ్చింది. ఇస్త్రీ చొక్కా, డబ్బా, ఒంటరి మనిషి. ఉరుములు లేవు.

కొడుకు గొంతు సవరించుకున్నాడు. “తప్పమ్మా. వాణ్ణి గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చోబెట్టారు. నేను కూర్చున్నది కిటికీ పక్కన. అక్కడైతే వచ్చేపోయేవాళ్ళకి ముఖం కనబడదు. రాసి పంపు, దిద్దుకుంటారు.”

పెద్దావిడ చేయి అలవాటుగా చెవి వెనక్కు పోయింది. పెన్సిలు తగిలింది. తీయకుండానే చేయి వెనక్కు తీసుకున్నది.

“తప్పుగానే ఉండనీరా,” అన్నది.

ఈ కథ చదివిన వారికీ, చెవి ఒగ్గి విన్న వారికీ ఆ వాగ్దేవి చల్లని చూపు తోడుండుగాక. మీ ఇంటి మాట మీ ఇంట వెలుగుగాక. మీ గుమ్మాలలో అనుమానం నిలువక, మాట పూర్తిగా వినే ఓపిక మీ అందరికీ నిండుగా కలుగుగాక. శుభం.