మంచు మీద వాన

గురవమ్మ ఐసు దిమ్మను గోనెసంచిలో చుట్టి, వెనక వాకిట్లో సుత్తితో కొడుతోంది. కొట్టినప్పుడల్లా మణికట్టు మీది పాత కాలిన మచ్చ సాగి ముడుచుకుంటోంది. ఆమె పనిచేసే ఇంటి మేడమ్ చుట్టాలు మస్కట్ నుంచి దిగారు, సలాలాలో తుంపర చూడటానికి. ఎండకు మాడే ఈ అరబ్బు దేశంలో ఈ మూడు నెలలూ ఇక్కడి కొండలు పచ్చబడితే, జనం కార్లేసుకుని తడవడానికి వస్తారు. ఈ కాలాన్ని ఖరీఫ్ అంటారు. రాయచోటి పక్కన గురవమ్మ ఊర్లో ఖరీఫ్ అంటే శెనక్కాయ వేసి మబ్బుకేసి చూడటం. అలా చూసి చూసి బెంగుళూరు పోయిన మొగుడు మళ్లీ రాలేదు. ఎనిమిదో తరగతిలో బడి మాన్పించి చేసిన పెళ్లి అది. కొడుకు ఆంజి అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడు.

ఐసు ముక్కలకు గోనె పీచు అంటింది. కొళాయి తిప్పి కడగబోయింది.

"నీళ్లు పోయొద్దు దీదీ." తోటి పనిమనిషి పాసాంగ్ బేసిన్ లాక్కుంది.

"కడగకపోతే పీచు తాగుతాదా మన మేడమ్?"

పాసాంగ్ నవ్వలేదు. ఆమెది నేపాల్లో మంచుకొండ కింద, ఏటి ఒడ్డున ఊరు. ఇద్దరూ వచ్చీరాని హిందీలో మాట్లాడుకుంటారు.

"మాకు చలికాలంలో మంచు తక్కువ దీదీ. వానాకాలంలోనే పైన కొత్త మంచు పడేది. కిందున్న పాత మంచుకు అదే దుప్పటి. ఇప్పుడు ఆ కాలంలో పైన కూడా వానే. దుప్పటి లేదు, పైగా నీళ్లు పోసినట్టు. గడ్డ ఏటేటా చిక్కిపోయింది. కరిగిందంతా పైనే చెరువై నిలబడింది."

ఏరు బురదరంగు తిరిగిందని రాత్రి అత్త ఫోనుకు పంపిన మాటలు పాసాంగ్ పొద్దున ఫోను ఇచ్చేస్తూ విన్నది. అట్లా తిరిగితే పైన చెరువు తెగబోతున్నట్టు. పాసాంగ్ బిడ్డ ఆమె దగ్గరే. పిల్లనెత్తుకుని పైనున్న గొర్రెల కొట్టానికి పొమ్మని చెప్పాలి. అయితే పనివాళ్ల ఫోన్లు పగలంతా మేడమ్ బీరువాలో ఉంటాయి. పొద్దున అడిగితే, "చుట్టాలు పోయాక" అంది.

గురవమ్మకు ఒళ్లు మండింది. ఆంజికి జ్వరమొచ్చిన నాడూ ఫోను అడిగితే అదే మాట. జ్వరం తగ్గాకగానీ వాడికి వచ్చిందని ఆమెకు తెలీలేదు.

కొండకు తీసుకుపోయే ఐసు డబ్బాలో పట్టని ముక్కలు బేసిన్లోనే మిగిలాయి. పాసాంగ్ దాన్ని చూరు కిందికి జరిపి, తన ఎర్ర శాలువా తీసి మడతలు పెట్టి కప్పింది.

కొండ మీద చాపలు పరిచారు. చుట్టాలు అరచేతుల్లో తుంపర పట్టి మొహాలకు పూసుకుంటున్నారు. పాసాంగ్ అన్నం పళ్లెం రెండుసార్లు జారవిడిచింది. రెండోసారికి గురవమ్మ టీ కెటిల్ కింద పెట్టేసింది. ఈ ఇంట్లో చేరాక పని మధ్యలో ఆమె చెయ్యి ఆగింది ఇప్పుడే.

"మేడమ్, పాసాంగ్‌కు ఫోనియ్యి."

"పని చూసుకో."

"పని యాడికీ పోదు. దాని బిడ్డ ఏటి పక్కనుంది. నీకూ బిడ్డలుండారు గదా."

చుట్టాల్లో ఒకావిడ గబుక్కున తన ఫోను చాపింది. పాసాంగ్ చెయ్యి తుడుచుకుని అందుకుంది. అందుకుని అలాగే నిలబడింది. నంబరు నోటికి రాదు. నంబరు ఫోన్లో ఉంది, ఫోను బీరువాలో ఉంది.

కాసేపట్లో పోదామంది మేడమ్. ఆ కాసేపు మధ్యాహ్నమంతా సాగింది. లేచే ముందు ఆమె ఐసు డబ్బాలోకి చూసింది. మూత తీసే ఉంది. నీళ్లు.

"ఇంత చల్లటి చోట ఐసు ఎట్లా కరిగింది?"

"వాన తినేసింది మేడమ్," అంది గురవమ్మ, ఆమె కళ్లలోకే చూస్తూ.

ఇంటికొచ్చాక బీరువా తెరుచుకుంది. అత్త ఫోను మోగనే లేదు. పొరుగామె ఎత్తింది. ఆమె చెప్పినంతసేపూ పాసాంగ్ వేలితో నేలమీది బండల మధ్య గీతను గీరుతూ కూర్చుంది. చెరువు మధ్యాహ్నం తెగింది. ఏటి ఒడ్డున ఇళ్లు లేవు. ఎవరూ పైకి పోలేదు.

ఎన్నిసార్లు అడిగినా బయటికి రాని పాసాంగ్ పాస్‌పోర్టు ఇప్పుడు అడక్కుండానే వచ్చింది. విమానాశ్రయానికి పోను డ్రైవరు కారు తెచ్చాడు. పాసాంగ్ ఎక్కుతూ "దీదీ" అంది, అంతే.

చుట్టాలింకా ఉన్నారని మేడమ్ బీరువా మూస్తూ, గురవమ్మ అందులోంచి తీసుకున్న ఫోను కోసం చెయ్యి చాపింది.

"ఇంక ఇది నా కాడే ఉంటాది." గురవమ్మ ఫోను రవికలో దోపుకుంది. మేడమ్ చెయ్యి కాసేపు గాల్లోనే ఉండి, దిగింది.

వెనక వాకిట్లో చూరు కింద బేసిన్ పొద్దుటి చోటే ఉంది. గురవమ్మ ఎర్ర శాలువా అంచు ఎత్తింది. చుట్టూ నీళ్లు, నడుమ గుప్పెడు ఐసు. గాలికి తుంపర లోపలికి కొడుతోంది. శాలువాను మళ్లీ కప్పి, అంచులు బేసిన్ కిందికి దోపింది.